పెన్నేరు పుట్టిన చోటి చెంబెడు నీళ్లు

కాలువల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "మీ కాలంలో పని ఎట్లా ఉండేది సార్?" అని అడుగుతారు. "మా కాలంలో నీళ్లు లేవు, మీ కాలంలోనూ లేవు, కాబట్టి పని ఒకటే" అని చెప్పి పంపించేస్తుంటాను. వాళ్లు నవ్వుతారు. వాళ్లు పోయాక నాకు మనసు బాగుండదు. అడిగినవాడికి పుల్ల విరిచినట్టు చెప్పి పంపడం పెద్దరికం కాదు.

అందుకని ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ మెట్టెక్కాను, ఎక్కడికి బదిలీ అయ్యాను అన్నది ఇందులో లేదు. అది ఎవరికీ పనికిరాదు. ఒక ఏటి గురించి, ఒక నీరుగంటి గురించి, అతని భార్య గురించి రాస్తాను. చదివాక ఈ ఉద్యోగం వద్దనిపిస్తే వేరేది చూసుకోండి, తప్పు లేదు.

ఇసుక కింది ఏరు

నేను ఓవర్సీరుగా చేరింది యాభైలలో. మా నాయన హిందూపురం స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. కొడుకు సర్కారు మనిషి అయినాడని పొంగిపోయి, ఏం పని అని అడిగాడు. పెన్నేటి కాలువలు చూసుకోవాలన్నాను. "ఏట్లో నీళ్లే ల్యావు గదరా, ఏం జూస్తావు?" అన్నాడు. నా సర్వీసు మొత్తంలో ఇంత సూటి ప్రశ్న ఇంకెవరూ వేయలేదు.

పెన్నేరు మా జిల్లాలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కానీ ఇసుక కింద నీళ్లు నడుస్తుంటాయి. ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు ఏటి నడుమ పొడుగ్గా, వాలుగా ఒక కాలువ తవ్వుతారు. రెండు వైపుల నుంచి నీళ్లు అందులోకి ఊరుతాయి. కిందికి పోయేకొద్దీ ఒడ్డును అందుకొని పొలాల్లోకి పారతాయి. అదే ఊటకాలువ. ఏరు పొంగి వచ్చిన ప్రతిసారీ అది ఇసుకతో పూడిపోతుంది. ఏరు తగ్గాక దండోరా వేస్తారు. ఇంటికో మనిషి పార తీసుకొని వచ్చి మళ్లీ తవ్వాలి. ఎవరు ఎక్కడ తవ్వాలో, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చెప్పేవాడు నీరుగంటి. తండ్రి తర్వాత కొడుకు ఆ పార అందుకుంటాడు.

ఏటేటా ఈ తవ్వుడు ఎందుకని మా శాఖ ఒకసారి ఒక ఊళ్లో ఇసుక కింద సిమెంటు గొట్టాలు వేయించింది. నేనే నిలబడి వేయించాను. ఆ ఏడే ఏరు తన దారి మార్చుకొని అవతలి ఒడ్డుకు పోయింది. గొట్టాలు బయటపడి ఎండలో పడున్నాయి. బట్టలుతకడానికి వచ్చిన ముసలామె వాటిని చూసి, "ఏమప్పా సాయిబూ, ఏటికి గాజులు తొడిగితివా? అది మొగుణ్ణి ఇడిసి పోయింది" అంది. ఆ గాజుల మాట ఆఫీసు దాకా పాకింది. నేను టీ కొట్టుకు పోయినా అదే అడిగేవాళ్లు.

దొరగారి ప్రశ్న

నేను చెప్పదలచుకున్న సంగతి అరవైలలో జరిగింది. వరసగా వానలు తప్పాయి. మేము ఈద్గా మైదానంలో చేరి, వేసుకున్న బట్టలు తిరగేసి వేసుకొని వాన కోసం నమాజు చేశాము. ఊళ్లలో వాళ్లు కప్పలకు పెళ్లి చేశారు. రెండూ పైకి చేరినట్టు లేవు.

ఆ ఏడు మా పెద్ద ఇంజనీరుగా వచ్చినాయన కోస్తా జిల్లా మనిషి. పుట్టింది కాలువ గట్టు మీద, పెరిగింది పడవల మధ్య. చెడ్డవాడు కాదు. కింది వాళ్లను కసురుకునేవాడు కాదు, ఎండలో తనతో పాటు మమ్మల్నీ గొడుగు కిందికి రమ్మనేవాడు. మొదటిసారి తనిఖీకి తీసుకుపోయినప్పుడు జీపు దిగి చాలా దూరం నడిచాడు. చుట్టూ చూశాడు. "బాగానే ఉందిగానీ, నది ఎక్కడయ్యా?" అన్నాడు.

"దాని నడుమే నిలబడి ఉన్నాము సార్" అన్నాను.

ఆయన కాళ్ల కింది ఇసుకను చూసుకున్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ఎవరి సమాధి మీదో తెలియక కాలు పెట్టిన మనిషి అట్లా చూస్తాడు.

చెంబు కట్టుబాటు

ఏటిగట్టుపల్లె అని ఒక ఊరు. దాని ఊటకాలువకు నీరుగంటి ఎర్రప్ప. ఎండు తుమ్మ కట్టెలా ఉండేవాడు. అతని భార్య లింగమ్మ అతనికంటే గట్టి మనిషి. ఇద్దరికీ పిల్లల్లేరు. కాలువే వాళ్లకు బిడ్డ అని ఊరంతా అనేవాళ్లు, వాళ్లూ కాదనేవాళ్లు కాదు. "మీరు" అనే మాట వాళ్ల నోట రాదు. కలెక్టరు వచ్చినా "నువ్వు" అనే అంటారు. అందులో అమర్యాద ఏమీ లేదు. అది తెలియక కోస్తా వాళ్లు మొదట్లో నొచ్చుకుంటారు.

ఆ ఎండాకాలం ఏటిగట్టుపల్లె కాలువ పూర్తిగా ఎండింది. మోకాలి లోతులో దొరికే తడి నడుము లోతుకు పోయింది, తర్వాత తల మునిగే లోతులోనూ పొడి ఇసుకే వచ్చింది. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు మూటలు కట్టుకున్నారు. ఊరిపెద్ద రెడ్డి రచ్చకట్ట దగ్గర అందరినీ కూర్చోబెట్టాడు. ఊరు నిలవాలా, లేవాలా అన్నది మాట. అప్పుడు ఎవరో చెంబు సంగతి ఎత్తారు.

అది ఆ ఊరి పాత కట్టుబాటు. కాలువ చచ్చిన ఏడు నీరుగంటి ఇంటివాళ్లు పెన్నేరు పుట్టిన కొండకు నడిచిపోయి, దేవునికి మొక్కి, అక్కడి నీళ్లు ఒక చెంబులో తేవాలి. దారిలో చెంబు నేలను తాకకూడదు. తెచ్చిన నీళ్లు పొడి ఇసుకలో పోయకూడదు. కాలువ తవ్వి, తడి తగిలి, నీళ్లు ఊరినాక ఆ నీళ్లలోనే కలపాలి. కలిపేదాకా చెంబు తెచ్చిన ఇంటివాళ్లు ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే ఏరు మళ్లీ ఆ ఊరి మొహం చూడదని నమ్మకం.

కొండ మీద నీళ్లుంటే ఊరు నిలవాలని, అక్కడా ఎండిపోతే అందరూ లేచిపోవాలని తీర్మానం చేశారు.

ఎర్రప్ప నా దగ్గరికి వచ్చి, "సారూ, నువ్వూ రావల్ల" అన్నాడు.

"నేనెందుకప్పా? నాది వేరే దేవుడు గదా."

"దేవుడు యారేగానీ కాలవ ఒగటే గదా" అన్నాడు.

నాకూ చూడాలనే ఉండింది. ఇన్నేళ్లు ఒక ఏటి మీద జీతం తిన్నవాణ్ణి, అది పుట్టే చోటు ఎప్పుడూ చూడలేదు. సెలవు పెట్టి బయలుదేరాను.

కొండ మీద

ఎర్రప్ప, లింగమ్మ, రెడ్డి, ఇంకొందరు, నేను. గౌరీబిదనూరు మీదుగా ఏటి ఒడ్డు పట్టుకొని పోయాము. వాళ్లు వట్టి కాళ్లతో నడిచారు. నేను చెప్పులు వేసుకున్నాను. వాళ్లు ఏమీ అనలేదుగానీ, ముళ్లు నా చెప్పుల్లోనే గుచ్చుకున్నాయని లింగమ్మ దారి పొడుగునా నవ్వింది. సరిహద్దు దాటినాక మనుషులు కన్నడం మాట్లాడతారు. మా వాళ్లకు అది సగం ఇంటి భాషే.

కొండ ఎక్కేకొద్దీ చల్లబడింది. చెట్లకు ఆకులున్నాయి. మా వైపు ఆ నెలల్లో చెట్టుకు ఆకు కనిపిస్తే ఎవరిదని అడుగుతాము. పైన ఒక బండ కింది నుంచి నీళ్లు ఊరి చిన్న రాతి తొట్టిలో పడుతున్నాయి. చిటికెన వేలంత ధార. దాని పక్కనే గుడి. పెన్నేరు అంటే అదే.

లింగమ్మ తొట్టి పక్కన కూర్చుంది. చాలాసేపు చేయి పెట్టలేదు. తర్వాత ఒక దోసిలి తాగి, "చల్లగుండాదప్పా" అంది. ఆ వెంటనే ఏడ్చింది. ఎర్రప్ప ఆమెను ఓదార్చలేదు, తనూ తల బండకు ఆనించి ఏడ్చాడు. ఏటి గురించి అంత బరువుగా ఏడ్చిన మనుషులను నేను అంతకుముందు చూడలేదు. ఇంత చిన్న నీటి కోసమా మేము ఒడ్డు కోతలకు రాళ్లు పేర్చింది, కాలువ వంతుల కోసం ఊళ్లకు ఊళ్లు తలలు పగలగొట్టుకున్నది అనిపించింది.

పూజారి నా టోపీ వైపు చూసి, ఈయనెవరని అడిగాడు.

"మా కాలవ సారు" అన్నాడు ఎర్రప్ప.

పూజారి ఇంకేమీ అడక్కుండా నా చేతిలోనూ తీర్థం పోశాడు. లింగమ్మ ఇత్తడి చెంబు నింపుకొని, దాని మూతికి తడిగుడ్డ కట్టి, నెత్తిన పెట్టుకుంది. అక్కణ్ణుంచి ఏటిగట్టుపల్లె దాకా అది నేల మీద దిగలేదు. ఆమె పడుకున్నప్పుడు ఎర్రప్ప ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాడు.

దిగి వచ్చే దారి

పోయేటప్పుడు అందరి చూపూ కొండ మీదే ఉండింది. వచ్చేటప్పుడు నేను పక్కలకు చూశాను. అక్కడే నా ఉద్యోగం నా సంతోషానికి అడ్డం వచ్చింది.

కొండ దిగగానే ఒక చెరువు. దాని అలుగు కింద ఇంకొకటి. ప్రతి ఊరూ తన మీదుగా పోయే నీటికి ఒక కట్ట అడ్డం వేసుకుంది. అందులో తప్పు లేదు, మా తాతలూ అదే చేశారు. ఆ చెరువుల అడుగునా నీళ్లు పలచగానే ఉన్నాయి. ఒక చెరువు కట్ట మీద ఒక రైతు మమ్మల్ని కూర్చోబెట్టి రాగి సంగటి పెట్టాడు. మా ఊరు ఎక్కడో విని, మా చెరువు నిండి అలుగు పారితే మిగతాదంతా మీదే అని కన్నడంలో చెప్పాడు. అది పారి ఎన్నాళ్లయిందని అడిగాను. అతను నా ఆకులో ఇంకో ముద్ద పెట్టాడు. మంచి మనిషి.

మధ్యాహ్నం చింతచెట్టు నీడన ఆగినప్పుడు చెప్పేశాను.

"ఎర్రప్పా, చూసినావు గదా. కొండ మీది ధార మొదటి చెరువు కూడా దాటదు. మన ఏరు రావల్లంటే ఈ చెరువులన్నీ నిండే వాన పడల్ల. అక్కడ నీళ్లుండాయని ఊరు నిలబెట్టొద్దు."

ఎర్రప్ప నన్ను జాలిగా చూశాడు. "తల్లి బతికే ఉండాది సారూ. నా కండ్లతో జూస్తి. బిడ్డల కాడికి రాకుండా పోతాదా?"

"రావాలని దానికున్నా రానీయరప్పా."

"సారూ, ఇంగ సాలు" అంది లింగమ్మ. "నెత్తిన చెంబుండాది. దాని కింద అట్లాంటి మాటలు ఆడగూడదు."

రెడ్డితోనూ చెప్పాను. ఆయన అంతా విని, తల ఊపి, ఊళ్లోకి అడుగు పెట్టగానే కొండ మీద నీళ్లున్నాయని తప్పెట కొట్టించాడు. కట్టిన మూటలు విప్పేశారు. ఆ సాయంత్రం ఊరు నవ్విన నవ్వు చూస్తే, నేను చెప్పింది అబద్ధమైతే బాగుండునని నాకే అనిపించింది.

నీరు పల్లమెరుగు

ఇంటికో మనిషి వచ్చి తవ్వారు. ఇసుక కింద ఇంకా ఇసుక. పక్కలు కూలుతుంటే తంగేడు కంప, ఈత మట్టలు అడ్డం పెట్టి తవ్వారు. లింగమ్మ చెంబును ఇంటి దూలానికి ఉట్టిలో వేలాడగట్టి రోజూ కాలువ కాడికి వచ్చేది.

నేను ఇంజనీరు దొర దగ్గరికి పోయి, ఆ ఊరికి తాగునీళ్ల బండి పంపమని, లోతుగా బావి తవ్వించమని అడిగాను. కొండకు పోయి వచ్చిన సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"పైన నీళ్లున్నాయని నువ్వే చూసొచ్చావుగా?" అన్నాడు.

"ఉన్నాయి సార్. కానీ మన దాకా రావు."

"ఎందుకు రావయ్యా? నీరు పల్లమెరుగు అన్నారు. కాస్త ఆలస్యమైనా కిందికే కదా వస్తుంది. ఈ ఊరికంటే గొంతెండుతున్న ఊళ్లు చాలా ఉన్నాయి. ముందు వాటికి పంపిద్దాం."

ఎర్రప్ప చెట్టు కింద అన్న మాటే ఈయన కుర్చీలో కూర్చొని అన్నాడు. ఒకాయన చదువుకున్నవాడు, ఒకాయన చదువు లేనివాడు. ఇద్దరికీ ఏరు అంటే పైన పుట్టి కిందికి వచ్చేదే. ఈ శాఖలో మీకు అందరికంటే ఎక్కువగా ఎదురయ్యే మూర్ఖత్వం ఇదే, మంచివాళ్ల నోటే వస్తుంది కాబట్టి కోపం కూడా రాదు. మీరు ఏరు పుట్టిన చోటు చూసి మురిసిపోకండి. అది ఎక్కడ ఆగిపోయిందో పోయి చూడండి.

ఆ తర్వాత కళ్యాణదుర్గం వైపు కరువు పని పెట్టారు. రాళ్లు కొట్టి రోడ్డు వేసే పని. అక్కడ గంజి కూడా పోస్తున్నారని తెలిసి ఏటిగట్టుపల్లెలో ఒక్కొక్కటిగా ఇళ్లకు తాళాలు పడ్డాయి. చివరకు రెడ్డి కూడా బండి కట్టించాడు. పోతూ పోతూ ఎర్రప్పతో, "నువ్వూ రాప్పా, చెంబు నీళ్లు ఏట్లో పోసేసి రా" అన్నాడట.

ఎర్రప్ప పోయలేదు. పొడి ఇసుకలో పోయకూడదు. తడి తగలలేదు. అందరూ పోయిన ఊళ్లో ఇద్దరే మిగిలారు. పొద్దున పోయి ఇంత, సాయంత్రం పోయి ఇంత తవ్వేవాళ్లు. రాత్రి గాలికి సగం పూడిపోయేది.

పొలిమేర

నేను వీలైనప్పుడల్లా సైకిలుకు నీళ్ల డబ్బా కట్టుకొని పోయేవాణ్ణి. అది చాలదని నాకు తెలుసు. ఒకసారి పోయేసరికి లింగమ్మ గడప లోపల చాప మీద ఉంది. జ్వరం. కళ్లు లోపలికి పోయాయి. అంత గట్టి మనిషి చేయి పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది.

"బండి తెస్తా. హిందూపురం ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"ఆ చెంబు అట్లే ఉండంగ నేను యాడికి వస్తా సారూ?"

"లింగమ్మా, ఊరే పోయింది. పొలిమేర ఎవరికి?"

"ఊరు మళ్లీ వస్తాది. వచ్చినంక, ఎర్రప్ప పెండ్లాం దాటిపోయింది, అందుకే ఏరు రాల్యా అంటారు. ఆ మాట నేను పడను."

ఎర్రప్పను బయటికి పిలిచాను. నా డబ్బాలో నీళ్లు కాలువ అడుగున పోస్తాను, తడి అయినాక చెంబు కలిపెయ్, ఆమెను తీసుకుపోదాం అన్నాను. నా వరకు అది మోసం కూడా కాదు. నీళ్లు నీళ్లే కదా.

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నాకు ఆశ పుట్టింది.

"దేవుణ్ణయినా మోసం జేయొచ్చు సారూ" అన్నాడు చివరకు. "కాలవకి తెలిసిపోతాది."

బతిమాలాను, తిట్టాను, సర్కారు హుకుం అని అబద్ధం కూడా చెప్పాను. హిందూపురం నుంచి కాంపౌండరును వెంటబెట్టుకొని పోతే ఆయన మాత్రలిచ్చి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. బలవంతంగా ఎత్తుకుపోదామా అనుకున్నాను. దారిలో ఆమె పోతే, పొలిమేర దాటించి చంపినవాణ్ణి అవుతాను. ఈ వయసులో కూడా ఆ లెక్క నాకు తేలలేదు.

కొన్నాళ్లకు ఒక ఉదయం ఆఫీసుకు పోతే వరండా మెట్టు మీద ఎర్రప్ప కూర్చొని ఉన్నాడు. పక్కన నీరుగంటి పార, ఇత్తడి చెంబు. చెంబు నేల మీద ఉంది.

ఎర్రప్ప పొలిమేర దాటి వచ్చాడు! నాకు ఒక్కసారిగా సంతోషం పొంగింది. తడి తగిలిందనుకున్నాను. సైకిలు అక్కడే పడేసి పరుగెత్తాను.

"నీళ్లు పడినాయా ఎర్రప్పా? చెంబు కలిపితివా?"

"కలిపినా సారూ."

"యాడ? ఎంత లోతులో?"

"మా లింగమ్మ నోట్లో" అన్నాడు. "దప్పి అనె. ఇంట్లో సుక్క ల్యాకపోయె. ఉట్టి దించి పోస్తి. రెండు గుక్కలు మింగె. చల్లగుండాది అనె. ఇంగ మింగల్యా."

నేను అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. లోపలి నుంచి ఎవరో నన్ను పిలుస్తున్నారు. పోలేదు.

"ఏటి నడుమనే పూడ్సినా సారూ, కాలవ పక్కన. లోతు నేను తవ్విందే గదా" అన్నాడు. తర్వాత పార నా వైపు జరిపాడు. నీరుగంటి పార దింపేటప్పుడు ఊరి పెద్దకు చెప్పి దింపాలి. ఊరు లేదు, పెద్ద లేడు. కాలువకు మిగిలిన పెద్దను నేనే.

"సారూ, ఇంగ నేను పోవచ్చునా?" అని అడిగాడు.

నన్ను ఎందరో ఎన్నో అడిగారు సర్వీసులో. నీళ్లు అడిగారు, వంతులు అడిగారు. పోవడానికి సెలవు అడిగినవాడు అతనొక్కడే.

"పో ఎర్రప్పా" అన్నాను.

చెంబు తీసుకొని స్టేషను వైపు నడిచిపోయాడు. తిరిగి కనిపించలేదు.

మరుసటి ఏడు వాన పడింది. పైన చెరువులన్నీ నిండి అలుగులు పారాయి. పెన్నేరు ఒడ్లు కోసుకుంటూ వచ్చింది. దొరగారు సంబరపడి జీపులో నన్నూ ఎక్కించుకొని పోయి ఒడ్డున నిలబడి, "చూశావా, నీరు పల్లమెరుగు అంటే విన్నావు కాదు" అన్నాడు. లింగమ్మను పూడ్చిన చోటు మీద ఎర్రనీళ్లు పోతున్నాయి. ఏరు తగ్గినాక కాలువ తవ్వించాలి కదా అని ఆయనే గుర్తు చేశాడు. తప్పెట వాణ్ణి వెంటబెట్టుకొని ఏటిగట్టుపల్లెకు పోయాను. ఇంటికో మనిషి పార తీసుకొని రావాలని వీధి వీధీ దండోరా వేయించాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.